నీటి కుండ, తుపాకి గుండు: రంప పోరాట చరిత్రలో విశ్వాసం, విజ్ఞానం

వ్యాససంగ్రహం

రంప ప్రాంతపు తిరుగుబాట్లను గురించి రాసినవారు పోరాటవీరుల చుట్టూ అల్లుకున్న ‘గుండ్లు తగలవు’ అన్న నమ్మకాన్ని సాధారణంగా కొండజనుల అమాయకత్వానికి గుర్తుగానే పేర్కొన్నారు. ఆ తిరుగుబాట్ల కాలంలోనే ఐరోపా శస్త్రవైద్యులు నీటితో నింపిన పాత్రలను గురిగా పెట్టి తుపాకులు పేల్చి, గుండు మనిషి దేహాన్ని ఎలా ఛిద్రం చేస్తుందో తెలుసుకున్నారు. ఆ ప్రయోగాలు తేల్చిన శాస్త్రసత్యానికీ, వలసపాలకులు తమ తూటాలకు చెప్పుకున్న సమర్థనకూ పొంతన లేదు. గుండుకూ నీటికీ ఉన్న సంబంధాన్ని ఈ రెండు వైపుల నుంచి పరిశీలించి, ‘మూఢనమ్మకం’ అన్న మాటను చరిత్రకారులు ఒక పక్షానికే అంటగట్టడం న్యాయం కాదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: రంప తిరుగుబాటు, అల్లూరి సీతారామరాజు, తుపాకి గుండు, నీటి పాత్ర, డమ్‌డమ్ తూటా, హేగ్ ప్రకటన, ఘటం.

1. ఉపోద్ఘాతం

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దళం వరుసగా దాడి చేసింది. మొదటి రెండు ఊళ్లు నాటి విశాఖపట్నం ఏజెన్సీలోనివి. రాజవొమ్మంగి గోదావరి ఏజెన్సీలోనిది. మూడు రోజుల్లో దళం చేతికి 26 కార్బైన్లు, 2,500కు పైగా తూటాలు చిక్కాయి. సీతారామరాజు పశ్చిమ డెల్టాలోని మోగల్లుకు చెందిన కుటుంబంలో పుట్టి, రాజమండ్రి, కాకినాడ, నరసాపురాలలో చదువుకున్న యువకుడు. ఆయన వెంట నడిచినవారిలో ఎక్కువమంది కొండప్రాంతపు ముఠాదారులు, గిరిజన రైతులు.

ఈ దాడుల కథతో పాటే మరొక కథ కూడా ప్రచారంలోకి వచ్చింది. రాజుకు తుపాకి గుండు తగలదని, తగిలినా ఏమీ చేయదని కొండల్లో జనం చెప్పుకున్నారు. ఆయన తపస్సు, వేషధారణ, మూలికావైద్యం ఆ ప్రచారానికి బలమిచ్చాయి. జనశ్రుతిలో ఈ మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న ఎదురవుతుంది. గుండు తమను ఏమీ చేయలేదని నిజంగా నమ్మినవారు గుండ్ల కోసం మూడు ఠాణాలను ఎందుకు కొల్లగొట్టారు? తుపాకి శక్తి తెలియనివారికి తుపాకి మీద అంత గురి ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే ముందుగా గుండు ఏం చేస్తుందో తెలియాలి. ఆ సంగతిని ఆధునిక విజ్ఞానం తెలుసుకున్నది నీటి పాత్రల ద్వారానే. కనుక నీటి పాత్ర చరిత్ర రంప చరిత్రకు దూరమైనదేమీ కాదు.

2. మాటల్లో నిలిచిన చరిత్ర

తుపాకికి సంబంధించిన తెలుగు మాటలు ఆయుధ చరిత్రను తమలో దాచుకున్నాయి. ‘తుపాకి’ తురుష్క భాషల వైపు నుంచి వచ్చిన మాట. ‘ఫిరంగి’ అన్న మాటలో దాన్ని మోసుకొచ్చిన పరంగివారి పేరే ఉంది. ‘గుండు’ మాత్రం మన మాట. గుండ్రాయి, గుండ్రం, ఇనప్పగుండు అన్నప్పుడు వినిపించే గుండ్రదనమే అందులోనూ ఉంది. గొట్టం మూతి నుంచి మందు కూరి, సీసపు గోళీని దిగగొట్టి పేల్చిన కాలానికి అది సరిగ్గా సరిపోయింది. పందొమ్మిదో శతాబ్ది చివరికి గోళీ పోయి, సన్నగా పొడవుగా ఉండి రాగిమిశ్రమపు తొడుగు తొడుక్కున్న తూటా వచ్చింది. వస్తువు మారినా తెలుగులో ‘గుండు దెబ్బ’ అన్న మాట మారలేదు. మాట మారకపోవడం వల్ల, పాత గుండు చేసే గాయానికీ కొత్త తూటా చేసే గాయానికీ ఉన్న తేడా కూడా మన చరిత్ర రచనలో మరుగున పడిపోయింది.

నీటి విషయానికి వస్తే, బలం కోల్పోవడాన్ని తెలుగువారు ‘నీరుగారిపోవడం’ అంటారు. ఉద్యమం నీరుగారింది, ఉత్సాహం నీరుగారింది అన్నప్పుడు గట్టిదేదో కరిగి శక్తిహీనమైందని అర్థం. దేహానికి తెలుగువారు వాడే మాట మరింత గమనించదగ్గది. ‘ఘటం’ అంటే కుండ, దేహం కూడా. పట్టువిడవని మనిషిని ‘మొండిఘటం’ అంటారు. తత్త్వాలు పాడేవారు దేహాన్ని తోలుతిత్తిగా చెప్పడం మనకు కొత్త కాదు. అంత్యక్రియల్లో కర్త నీళ్లకుండను భుజాన పెట్టుకొని చితి చుట్టూ తిరుగుతుంటే కుండకు చిల్లులు పెడతారు. చిల్లుల్లోంచి నీరు ధారగా కారిపోతుంది. చివరకు కుండను జారవిడిచి పగులగొడతారు. నీరు నిండిన పాత్రే దేహమన్న భావన ఈ ఆచారంలో ప్రత్యక్షమవుతుంది. ఐరోపా ప్రయోగశాలలు వేరే దారిలో, వేరే అవసరంతో ఇదే పోలికకు చేరుకున్నాయి.

3. నీటి పాత్ర ప్రయోగశాలకు ఎలా వచ్చింది

1868లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఐరోపా రాజ్యాలు ఒక ప్రకటనపై సంతకాలు చేశాయి. 400 గ్రాముల కన్న తక్కువ బరువుండి, లోపల పేలుడు పదార్థం గల గుండ్లను యుద్ధంలో వాడరాదని దాని సారాంశం. రెండేళ్లు తిరగకముందే 1870–71లో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం వచ్చింది. గాయాలను చూసిన వైద్యులు నివ్వెరపోయారు. గుండు లోపలికి దిగిన చోట చిన్న రంధ్రం, లోపల మాత్రం పేలుడు జరిగినంత విధ్వంసం. మీరు నిషిద్ధమైన పేలుడు గుండ్లను వాడుతున్నారంటూ ఇరుపక్షాలూ ఒకరినొకరు నిందించుకున్నాయి. పేలుడు పదార్థమేమీ లేని మామూలు గుండు దేహంలో పేలినట్లు ఎలా ప్రవర్తిస్తుందన్నది అక్కడి నుంచి శాస్త్రసమస్య అయింది.

దీనికి పలు వివరణలు వచ్చాయి. గుండు తన ముందున్న గాలిని అణచిపెట్టి గాయంలోకి తోసుకుపోతుందని, ఆ గాలే పేలుతుందని బెల్జియం శాస్త్రజ్ఞుడు మెల్సెన్స్ అన్నాడు. ఆ ఊహను పరీక్షించే ప్రయత్నంలోనే ఎర్నెస్ట్ మాక్ ఆసక్తి వేగంగా పోయే గుండ్ల మీదికి మళ్లింది. 1887లో ఆయన, పీటర్ సాల్షర్ కలిసి ధ్వనివేగాన్ని మించిన గుండు చుట్టూ గాలిలో పుట్టే తరంగాలను ఛాయాచిత్రాలతో నిరూపించారు.

గాయం రహస్యాన్ని నీటిలో వెతికినవారిలో ముఖ్యుడు స్విట్జర్లాండుకు చెందిన శస్త్రవైద్యుడు థియొడోర్ కోహర్. థైరాయిడ్ గ్రంథిపై చేసిన కృషికి 1909లో నోబెల్ బహుమతి పొందినవాడిగా ఆయన ప్రసిద్ధుడు. 1870ల నుంచి ఆయన నీటితో నింపిన పాత్రల మీద, ఇతర పదార్థాల మీద గుండ్లు పేల్చి ఫలితాలను పోల్చి చూశాడు. ఇంగ్లండులో విక్టర్ హార్స్లీ 1894లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యసిస్తూ, తడి ఎక్కువగా ఉన్న బంకమట్టిలో గుండు చేసే విధ్వంసం తడి తక్కువగా ఉన్న మట్టిలో కన్న చాలా ఎక్కువని చూపించాడు. ఎండిన ఖాళీ కపాలం గుండా పోయిన గుండు రెండు రంధ్రాలు మాత్రమే చేసేది. మెదడుతోనో నీటితోనో నిండిన కపాలాన్ని మాత్రం ముక్కలు చేసేది. కారణం గుండులో పేలుడు పదార్థం కాదు, గాలి కాదు. గురిలో ఉన్న నీరు.

4. పాత్ర ఎందుకు పగులుతుంది

ఒకప్పుడు డెల్టా పల్లెల్లో ప్రతి ఇంటా కనిపించిన కిరసనాయిలు డబ్బాతో ఈ ప్రయోగాన్ని వివరించవచ్చు. ఖాళీ డబ్బాను తూటా దూసుకుపోతే రెండు వైపులా రెండు చిల్లులు పడతాయి, డబ్బా రూపం చెడదు. అదే డబ్బాను నిండా నీళ్లతో నింపి మూత బిగించి కొడితే అతుకులు విచ్చుకుంటాయి, మూత ఎగిరిపోతుంది, రేకు వెలుపలికి పువ్వులా తెరుచుకుంటుంది. మట్టికుండ అయితే పెంకులే మిగులుతాయి. రేకు కొంతవరకు సాగుతుంది, కాల్చిన మట్టికి సాగే గుణం లేదు.

దీనికి మూలం నీటి స్వభావంలో ఉంది. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది. నీరు దాదాపుగా కుదించుకుపోదు. తూటా చొరబడితే నీరు పక్కకు తప్పుకోవాల్సిందే. నెమ్మదిగా వచ్చిన వస్తువుకు నీరు నెమ్మదిగా దారి ఇస్తుంది. వేగంగా వచ్చిన తూటా మాత్రం నీటి కణాలకు తన వేగంలో కొంత ఇచ్చి అన్ని దిక్కులకూ విసిరివేస్తుంది. తూటా వెళ్లిపోయాక కూడా ఆ నీరు ఆగకుండా వెలుపలికి కదులుతూనే ఉంటుంది. తూటా దారి వెంట క్షణకాలం పెద్ద కుహరం ఏర్పడి, తిరిగి కుంచించుకుపోతుంది. ఈ తాత్కాలిక కుహరం తూటా మందం కన్న ఎన్నో రెట్లు పెద్దది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో న్యూటన్ హార్వే బృందం అతివేగ ఛాయాగ్రహణంతో దాన్ని కళ్లకు కట్టించింది. నీళ్లను వదిలిన బలమే పాత్ర గోడలను తోస్తుంది. గోడ తట్టుకోలేకపోతే పాత్ర పగులుతుంది.

ఇందులో వేగమే ప్రధానం. నీరు తూటాపై చూపే ప్రతిఘటన దాదాపుగా వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే ప్రతిఘటన నాలుగింతలవుతుంది. మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకుల సీసపు గోళీ సాధారణంగా సెకనుకు 300 నుంచి 450 మీటర్ల వేగంతో బయలుదేరేది. 1910లో బ్రిటిష్ సైన్యం ప్రవేశపెట్టిన 0.303 అంగుళాల మార్క్ 7 తూటా బరువు 11.3 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 744 మీటర్లు. లెక్కవేస్తే దాని గతిశక్తి 3,100 జౌళ్లకు పైమాటే. కిరసనాయిలు డబ్బా వెడల్పును ఆ తూటా సెకనులో సుమారు మూడు వేలవ వంతు కాలంలో దాటిపోతుంది. నీరు చిల్లుల్లోంచి తప్పించుకోవడానికి ఆ వ్యవధి చాలదు. అంత్యక్రియల కుండలో నీరు చిల్లుల గుండా ధారగా కారుతుంది. తూటా తగిలిన కుండలో నీటికి ఆ అవకాశం లేదు కనుక కుండే పోతుంది.

ఇక్కడ మరో విచిత్రం ఉంది. నీరు తూటానూ ఓడిస్తుంది. నేర పరిశోధనలో అనుమానిత తుపాకిని పోల్చి చూడడానికి నమూనా గుండు కావాలి. అందుకోసం ఆయుధ నిపుణులు పొడవైన నీటి తొట్టిలోకి పేలుస్తారు. పిస్తోలు గుండు కొంతదూరం పోయి, పెద్దగా చెడకుండా అడుగున పడుతుంది. అతివేగంగా వచ్చే సైనిక రైఫిల్ తూటా తరచు కొద్దిపాటి లోతులోనే వంగి, తొడుగు చీలి ముక్కలవుతుంది. ఎంత వేగంగా వస్తే అంత త్వరగా చెడుతుంది. అంటే నీరు గుండును ఆపగలదు, కాని నీటిని మోస్తున్న పాత్రను కాపాడలేదు. వయోజన పురుషుడి బరువులో సుమారు 60 శాతం, కండరంలో సుమారు 75 శాతం నీరేనని గుర్తుంచుకుంటే, వైద్యులు నీటి డబ్బాను ఎందుకు ఎంచుకున్నారో తెలుస్తుంది. ఊపిరితిత్తుల్లాగా గాలి నిండి సాగే అవయవాలు కుహరాన్ని కొంత తట్టుకుంటాయి. కాలేయం, మెదడు వంటివి నీటి కుండలాగే ప్రవర్తిస్తాయి.

5. డమ్‌డమ్ నుంచి హేగ్ దాకా

ఈ ప్రయోగాల నుంచి కోహర్ తీసిన నీతి ఒకటి. తూటా ఆకారం చెడకుండా గట్టిగా, సన్నగా ఉంటే గాయం తక్కువవుతుందని, మానవత్వం దృష్ట్యా అటువంటి తూటాలనే వాడాలని ఆయన 1894లో రోములో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో వాదించాడు. సామ్రాజ్యం తీసిన నీతి మరొకటి.

1895లో చిత్రాల్ దండయాత్రలో 0.303 మార్క్ 2 తూటా సరిహద్దు తెగల యోధులను తక్షణం నిలువరించలేకపోయిందని బ్రిటిష్ అధికారులు ఫిర్యాదు చేశారు. పూర్తి తొడుగున్న తూటా సన్నని రంధ్రం చేసి దూసుకుపోతోందని వారి అభ్యంతరం. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ నెవిల్ బెర్టీ క్లే పర్యవేక్షణలో దీనికి విరుగుడు తయారైంది. తూటా కొసన తొడుగును తొలగించి సీసాన్ని బయటపెట్టారు. దేహాన్ని తాకగానే కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఎదురయ్యే నీరు పెరుగుతుంది, తూటా తన శక్తినంతా లోపలే వదులుతుంది. 1897–98 తీరా దండయాత్రలో ఈ తూటాను వాడారు. మన భాషల్లోకి ‘డమ్‌డమ్ తూటా’ అన్న మాట అక్కడి నుంచి వచ్చింది.

ఐరోపాలో దీనిపై దుమారం రేగింది. ట్యూబింగెన్ శస్త్రవైద్యుడు బ్రూన్స్ విచ్చుకునే తూటాలతో ప్రయోగాలు చేసి వాటి భీకర ఫలితాలను ప్రచురించాడు. ఆయన వాడినవి సీసం మరింత ఎక్కువగా బయటపడిన వేట తూటాలని, డమ్‌డమ్ తూటాలు కావని బ్రిటిష్ పక్షం ఆక్షేపించింది. ఆ ఆక్షేపణలో నిజముంది. అయినా 1899లో హేగ్ శాంతి మహాసభలో చర్చ తూటా నిర్మాణంతో ఆగలేదు. బ్రిటిష్ ప్రతినిధి సర్ జాన్ ఆర్డా చేసిన వాదన ముఖ్యమైనది. నాగరికుడైన సైనికుడు గాయపడగానే వెనక్కు తగ్గుతాడని, అనాగరికుడు ఎన్ని గాయాలైనా ముందుకు దూకుతూనే ఉంటాడని, కనుక అతనికి వేరే తూటా అవసరమని దాని తాత్పర్యం. మహాసభ ఈ వాదనను అంగీకరించలేదు. 1899 జూలై 29న విచ్చుకునే తూటాలను నిషేధించే ప్రకటన వెలువడింది. బ్రిటన్, అమెరికా వ్యతిరేకించాయి. బ్రిటన్ 1907లో గాని దానికి కట్టుబడలేదు.

ఆ ప్రకటనలోని ఒక నియమం మన చరిత్రకు నేరుగా సంబంధించినది. సంతకం చేసిన రాజ్యాల మధ్య జరిగే యుద్ధాలకే అది వర్తిస్తుంది. ఒక సామ్రాజ్యం తన ఏలుబడిలోని ప్రజల మీద చేసే యుద్ధానికి వర్తించదు. రంప కొండల్లోని రైతుకు ఆ కాగితం ఏ రక్షణా ఇవ్వలేదు.

శాస్త్రదృష్టితో చూస్తే ఆర్డా వాదనకు ఆధారం లేదు. నీటి డబ్బాకు జాతి లేదు. సరిహద్దు పఠానుడి కండరంలోనైనా, లండను సైనికుడి కండరంలోనైనా నీరు ఒకే పాళ్లలో ఉంటుంది, ఒకే విధంగా విసిరివేయబడుతుంది. గాయపడినవాడు ముందుకు రావడం, రాకపోవడం గాయమైన చోటును బట్టి, మనిషి తెగువను బట్టి ఉంటుంది గాని జాతిని బట్టి కాదు. ‘అనాగరికుడి’ దేహానికి గుండు తక్కువగా పనిచేస్తుందని నమ్మడం, గుండు తమకు తగలదని నమ్మడం ఈ రెండూ నమ్మకాలే. మొదటిది విజ్ఞానం పేరుతో చెలామణి అయింది, రెండోది మూఢత్వంగా నమోదైంది.

6. ‘గుండు నీరవుతుంది’

గుండు నీరవుతుందన్న విశ్వాసం వలసపాలనకు ఎదురుతిరిగిన సమాజాల్లో దూరదూరాన కనిపిస్తుంది. 1899–1900లో ఛోటానాగపూర్‌లో బిర్సా ముండా అనుచరులు శత్రువుల తూటాలు నీరవుతాయని విశ్వసించారు. 1905లో జర్మనీ ఏలుబడిలోని తూర్పు ఆఫ్రికాలో కింజికిటిలే ఇచ్చిన మంత్రజలం గుండ్లను నీరుగా మారుస్తుందన్న నమ్మకంతో పలు తెగలు ఒక్కటై తిరగబడ్డాయి. స్వాహిలీలో ‘మాజీ’ అంటే నీరు. ఆ పోరాటానికి ‘మాజీ మాజీ’ అన్న పేరే నిలిచింది. రంపలో ఈ నమ్మకం ‘తగలదు’ అన్న రూపంలో ఉంది, ‘నీరవుతుంది’ అన్న రూపంలో కాదు. ఈ తేడాను గుర్తిస్తూనే మూడింటినీ ఒక వరుసలో చూడవచ్చు.

ఈ నమ్మకం ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయన్నది దాచవలసిన విషయం కాదు. 1900 జనవరి 9న సైల్‌రకబ్ కొండపై ముండాలు తుపాకులకు బలయ్యారు. మాజీ మాజీ పోరాటంలోను, దాన్ని అణచడానికి పంటలు తగలబెట్టడంతో వచ్చిన కరువులోను కలిపి మరణించినవారిని 75,000 నుంచి 3,00,000 వరకు అంచనా వేస్తారు. గుండు నీరు కాలేదు. గుండు దేహంలోని నీటినే ఆయుధం చేసుకుంది. పోరాటాలను కీర్తించే ఉత్సాహంలో ఈ చేదునిజాన్ని పక్కన పెట్టడం చరిత్ర అనిపించుకోదు.

అయితే నమ్మకం చేసిన పని అదొక్కటే కాదు. చెదిరి ఉన్న తెగలను అది ఒక్కటి చేసింది. తుపాకి అంటే పుట్టే భయాన్ని ముందుగా జయించింది. గుండు దేహాన్ని తాకేలోపే తుపాకి చప్పుడు మనసును నీరుగార్చడం వలసపాలనకు పెద్ద బలం. ఆ బలాన్ని ఎదుర్కోవడానికి మాటల్లో జరిగిన ప్రతియత్నంగా ఈ విశ్వాసాన్ని అర్థం చేసుకోవచ్చు.

7. రంప: నమ్మకం ఒకవైపు, తూటాల లెక్క మరోవైపు

రంపకు ఈ చరిత్ర 1922తో మొదలైనది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టా పచ్చబడుతున్న కాలంలోనే, ఎగువ కొండల్లో ముఠాదారుల హక్కులు కుదించుకుపోతూ వచ్చాయి. కల్లుగీతపై చిగురుపన్ను, ఆబ్కారీ నిబంధనలు, వర్తకుల అప్పులు, పోలీసుల దౌర్జన్యం కలిసి 1879 మార్చిలో రంప తిరుగుబాటుగా పెల్లుబికాయి. దాన్ని అణచడానికి మద్రాసు పదాతి దళాలను కొండల్లోకి దింపవలసి వచ్చింది. విల్లమ్ములు, నాటు తుపాకులు ఒకవైపు, సైన్యపు తుపాకులు మరోవైపు. ఈ పోరాటం చూసిన తరం మనవలే 1922లో రాజు వెంట నడిచారు. తుపాకి ఏం చేస్తుందో వారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

సీతారామరాజు దళం ప్రవర్తన ఈ మాటకు సాక్ష్యం. ఠాణాల్లో వారు మొదట వెతికింది ఆయుధాలనే. తీసుకున్న ఆయుధాల వివరాలు రాసి ఇచ్చిన తీరు ప్రసిద్ధం. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి కనుమలో వారు ఎదురుగా దూకలేదు. ఇరుకు దారిలో మాటువేసి, ముందు వరుసను పోనిచ్చి, దళాన్ని నడిపిస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అన్న ఇద్దరు బ్రిటిష్ అధికారులను గురిపెట్టారు. ఇద్దరూ మరణించారు. గుండు దెబ్బకు లెక్కచేయనివారికి చెట్టుచాటు, రాతిచాటు అవసరం లేదు. చాటు వెతుక్కున్నవారు గుండు శక్తిని ఎరిగినవారే.

ప్రభుత్వం కూడా ఇదే పాఠం నేర్చుకుంది. అక్టోబర్‌లో అడ్డతీగల, రంపచోడవరం ఠాణాలకు దళం వచ్చేసరికి అక్కడి ఆయుధాలను ముందుగానే తరలించారు. డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం దగ్గర జరిగిన పోరులో దళం తీవ్రంగా నష్టపోయింది. ఆ తరువాత కొత్తగా తూటాలు దొరకడం కష్టమైంది. చేతిలో ఉన్న కార్బైన్ తూటా లేకపోతే కర్రతో సమానం. విల్లంబుకు అమ్ము అడవిలో దొరుకుతుంది. నాటు తుపాకికి సీసం కరిగించి గోళీ పోసుకోవచ్చు. ఫ్యాక్టరీలో తయారయ్యే తూటాను మాత్రం కొండల్లో చేసుకోలేరు. దళం బలహీనపడటానికి నమ్మకం సడలడం కన్న ఈ కొరత ముఖ్యమైన కారణమని భావించడానికి వీలుంది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగేనాటికి రెండు పక్షాల ఆయుధబలానికి పోలికే లేదు.

ఆనాటి బ్రిటిష్ సైన్యపు ప్రామాణిక తూటా అయిన మార్క్ 7 గురించి ఒక మాట చెప్పుకోవాలి. హేగ్ ప్రకటన అక్షరాన్ని అది ఉల్లంఘించదు. దానికి పూర్తి తొడుగు ఉంది, కొస విచ్చుకోదు. కాని కొస లోపల సీసానికి బదులు తేలికైన అల్యూమినియం వంటి పదార్థాన్ని ఉంచడంతో బరువు వెనకకు చేరింది. గాలిలో స్థిరంగా సాగి, నీటి వంటి సాంద్ర పదార్థంలోకి దిగగానే ఆ తూటా పల్టీ కొడుతుంది. అడ్డంగా తిరిగిన తూటాకు ఎదురయ్యే నీరు ఎక్కువ, కుహరం పెద్దది. విచ్చుకోకుండానే విచ్చుకున్నంత పని చేయడం నీటి పాత్ర నేర్పిన విజ్ఞానానికి చట్టం దాటని ప్రయోగం.

1924 మే 7న మంపలో పట్టుబడిన సీతారామరాజును కొయ్యూరులో కాల్చి చంపారు. నిరాయుధుడై బందీగా ఉన్న మనిషిని విచారణ లేకుండా చంపిన ఘటన అది. మృతదేహాన్ని ఫొటో తీయించి, కృష్ణదేవిపేటలో దహనం చేశారు. చనిపోయాడని ప్రకటించి ఊరుకోకుండా చిత్రాన్ని కూడా సాక్ష్యంగా నిలపడం గమనించదగినది. గుండు తగలదన్న మాటకు అది జవాబుగా పనిచేసింది. అంటే ఆ నమ్మకం బలాన్ని కొండజనులతో పాటు ప్రభుత్వమూ గుర్తించిందని చెప్పవచ్చు. అయినా రాజు చనిపోలేదన్న కథలు చాలాకాలం ఆగలేదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

నీటితో నింపిన పాత్రపై గుండు ప్రభావాన్ని గురించిన విజ్ఞానం యుద్ధగాయాల వివాదం నుంచి పుట్టింది. పాత్రను పగులగొట్టేది ప్రధానంగా వేగం, కుదించుకుపోని నీరు. ఆ సూత్రం ప్రతి మానవదేహానికీ ఒక్కలాగే వర్తిస్తుంది.

అదే విజ్ఞానాన్ని కోహర్ వంటివారు గాయాన్ని తగ్గించడానికి వినియోగించాలని కోరారు. వలసపాలకులు ‘అనాగరికుడి’ దేహం వేరన్న ఆధారం లేని నమ్మకంతో గాయాన్ని పెంచే తూటాను సమర్థించుకున్నారు. హేగ్ ప్రకటన పరిధి వలసప్రజలను కాపాడేదిగా లేదు.

రంప పోరాటంలో గుండు తగలదన్న విశ్వాసం ఆయుధజ్ఞానానికి బదులుగా నిలిచింది కాదు, దానితో కలిసి నడిచింది. 26 కార్బైన్లు, 2,500 తూటాలు, దామనపల్లి మాటు ఇందుకు ఆధారాలు. కనుక ఈ పోరాటాన్ని బోధించేటప్పుడు, దానిపై పరిశోధించేటప్పుడు ‘మూఢనమ్మకం’ అన్న ఒక్క మాటతో ఆ విశ్వాసాన్ని పక్కకు నెట్టడం సరికాదు. ఆ మాటను వాడక తప్పకపోతే ఆర్డా వాదనకూ అదే కొలత వర్తించాలి.

గిరిజన పోరాటాలకు సంబంధించిన మౌఖిక కథనాలను సేకరించే పరిశోధకులు గుండు, మందు, తూటా, గాయం గురించి జనం వాడే మాటలను ప్రత్యేకంగా నమోదు చేయడం అవసరం. ఏ తరం ఏ తుపాకిని చూసిందో, ఏ గాయానికి ఏ వైద్యం చేసుకుందో ఆ మాటల్లో దొరుకుతుంది. రంపచోడవరం 2022లో అల్లూరి సీతారామరాజు పేరిట ఏర్పడిన జిల్లాలో చేరింది. జిల్లాకు పేరు పెట్టినంత మాత్రాన చరిత్ర పూర్తి కాదు. ఆయన వెంట నడిచి, ఏ తూటా తగిలి ఎక్కడ నేలకొరిగారో నమోదు కాని ఘటాలు ఆ కొండల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి.